వేలా, పిడికిలా

ఆదివారం మధ్యాహ్నం ఓర్విల్ టెష్ కొయ్యమెట్లెక్కి తన గదిలోకి వచ్చేసరికి కింద మైదానంలో నెస్టర్ ఒక్కడే వంగి రాళ్లు ఏరుతున్నాడు. బేస్‌బాల్ ఆటకి ఇంకా చాలా టైముంది. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య, తను షార్ట్‌స్టాప్‌గా కాపు కాసే చోట, ఎర్రమట్టిని బూటుతో మెల్లగా తడుముకుంటూ, చిక్కుడుగింజంత రాయి తగిలినా తీసి జేబులో వేసుకుంటున్నాడు. ఆట అయ్యాక ఆ రాళ్లని ఇంటికి పట్టుకెళ్లి, ఓర్విల్ భార్య వెర్నా వంటింటి కిటికీలో పెంచుకునే జెరేనియం కుండీలో పోస్తాడు. కుండీలో మట్టికన్నా రాళ్లే ఎక్కువైపోయాయని వెర్నా విసుక్కుంటుంది గానీ, ఒక్క రాయీ తీసి పారెయ్యదు.

హాస్కెల్ పార్కు నేల సంగతే అంత. ఏటి ఒడ్డు కావడంతో ఎన్ని బళ్ల మట్టి పోసినా అడుగునుంచి రాళ్లు పైకి తేలుతూనే ఉంటాయి. కెల్టన్ ఊరివాళ్లు దాన్నొక లోపం అనుకోరు. వాళ్ల తాతలు మిల్లు సెలవుల్లో తామే దూలాలు మోసి, మేకులు కొట్టి కట్టుకున్న మైదానమది. ఆకుపచ్చ రంగు పూసీ పూసీ బల్లల మీద వేలుమందాన పేరుకుపోయింది. కుడిగోడ వెనక మొక్కజొన్న పాకం తీసే మిల్లులోంచి ఆ వాసన వస్తుంది. ఎడమగోడ వెనక గూడ్సుబండి వెళ్తుంటే డ్రైవరు కూత వేస్తాడు, జనం చేతులూపుతారు. పెద్ద నగరాల్లో పెద్ద జట్లుంటాయని, ఇక్కడ ఆడే కుర్రాళ్లలో నూటికి తొంభైమంది అక్కడిదాకా వెళ్లరని అందరికీ తెలుసు. అయినా ఇంటినుంచి దిండు తెచ్చుకుని వేసుకుని, వేడి వేరుశనక్కాయలు వలుచుకుంటూ, తొక్కలు కాళ్లకింద పటపటలాడుతుంటే అంపైరుని పేరుపెట్టి తిట్టుకునే సుఖం పెద్ద నగరంలో ఎక్కడ దొరుకుతుంది?

ఓర్విల్ హైస్కూల్లో వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి. ఈ మైదానంలో స్కోరు రాసేదీ, తీర్పు చెప్పేదీ ఆయనే. కొట్టినవాడు మొదటి బేసుకి చేరాడంటే అది వాడి గొప్పా, ఆపాల్సినవాడి తప్పా అన్నది ఆయన తేల్చాలి. హిట్టయితే కిటికీలోంచి ఒక వేలు చూపిస్తాడు. ఎర్రరైతే పిడికిలి. దూరాన బోర్డు దగ్గరున్నవాడు అది చూసి రేకు మారుస్తాడు. చెయ్యి బయటికొచ్చిందంటే ఇక దానికి తిరుగులేదనే జనం అనుకుంటారు. నిజానికి మర్నాడు అదే వేళలోగా ఆయన మనసు మార్చుకుని, లీగు ఆఫీసుకి ఫోను చేసి తీర్పు దిద్దుకోవచ్చు. ఇన్నేళ్లలో ఆ అవసరం రాలేదని ఆయనకి లోలోపల కాస్త గర్వం.

"ఏం మాస్టారూ," అన్నాడు శనక్కాయలమ్మే ఫెర్రిస్, పొట్లం కిటికీలోంచి అందిస్తూ. "మీ ఇంటి కుర్రాడు పొలం దున్నేస్తున్నాడు. వాడికేం భయంలెండి. పిడికిలి ఇంట్లోనే ఉందాయె."

"నోరు మూసుకుని శనక్కాయలమ్ముకో."

"అబ్బే, ఊరికే అన్నాన్లెండి."

ఊరికే అన్నమాట కాదని ఓర్విల్‌కి తెలుసు. ఎక్కడెక్కడినుంచో వచ్చే ఆటగాళ్లని వేసవంతా ఎవరో ఒకరు ఇంట్లో పెట్టుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. వెర్నా పట్టుబట్టి, పనామానుంచి వచ్చిన ఈ ఇరవయ్యేళ్ల నెస్టర్ ఆబ్రెగోకి మేడమీది గది ఇచ్చింది. ఇక ఈ ఏడాది షార్ట్‌స్టాప్ పేరున ఎర్రరన్నమాటే ఉండదని మంగలి కొట్లో నవ్వుకున్నారు. ఆ నవ్వు ఓర్విల్ మనసులో ముల్లులా దిగిపోయింది. అప్పట్నుంచీ అటా ఇటా తేల్చుకోలేని బంతి నెస్టర్ దగ్గరికి పోతే చాలు, ఆయన చెయ్యి తనంతట తనే పిడికిలి అయ్యేది.

ఆ ఆదివారం గుబులు ఇంకొకటుంది. బంతి కొట్టేవాడు నిలబడే హోమ్ ప్లేటు వెనక గడ్డిటోపీ పెట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. జట్టుని నడిపే పెద్ద క్లబ్బు పంపిన మనిషి. ఈ వారంలో ఒక కుర్రాణ్ణి ఇంటికి పంపించేస్తారని, ఆ ఒక్కడు నెస్టరో, బెంచీమీదున్న ఇంకో కుర్రాడో అవుతాడని ఊరంతటికీ తెలుసు. పొద్దున టిఫిను దగ్గర నెస్టర్ గుడ్లు ముట్టుకోలేదు.

*

ఆ రోజు బంతి విసిరేది క్లిఫ్ యోడర్. పక్క ఊరి రైతు కొడుకు. జట్టు మొత్తానికి ఈ మట్టిలో పుట్టిన కుర్రాడు వాడొక్కడే. చుట్టాలూ పక్కాలూ కలిసి రెండు వరసలు వాళ్లవే. ఆట సగంలోకి వచ్చేసరికి జనం ఒక్కొక్కరే బోర్డు వైపు చూడ్డం మొదలుపెట్టారు. ఎదుటి జట్టుకి ఇంతవరకూ ఒక్క హిట్టు లేదు.

ఆట మొత్తం అలా గడిచిపోతే ఆ పిచర్ పేరు ఊళ్లో మూడు తరాలు చెప్పుకుంటారు. హాస్కెల్ పార్కులో అలాంటి ఆట చూశామని చెప్పే ముసలివాళ్లు ఇద్దరే మిగిలారు, వాళ్లు చెప్పే కథలు కూడా ఒకదానితో ఒకటి కలవవు. కాని అది సాగుతున్నంతసేపూ దాని పేరెత్తకూడదు. ఎత్తితే దిష్టి. అందుకని ఎవరూ ఏమీ అనలేదు. బెంచీ మీద క్లిఫ్ పక్కన ఎవరూ కూర్చోలేదు. వాడివైపు చూడను కూడా లేదు. గ్యాలరీలో ఒకాయన పాయిఖానాకని లేస్తే భార్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఫెర్రిస్ అరవడం మానేసి, చేతిలో పొట్లాలతో మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

మొత్తం తొమ్మిదిలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక, ఎదుటి జట్టు బండోడొకడు బంతిని నేలబారుగా గట్టిగా బాదాడు. మూడో బేసు పక్కగా, నెస్టర్‌కి బాగా కుడివైపున. ఇంకొకడైతే దాని దరిదాపులకి వచ్చేవాడు కాదు. నెస్టర్ నాలుగంగల్లో పరిగెత్తి, ఒళ్లంతా సాచి, గ్లవ్‌ని అడ్డంగా పెట్టాడు. అందినట్టే. ఆఖరి గెంతులో బంతి ఉన్నట్టుండి ఎగిరింది. గ్లవ్ పైనుంచి వాడి కుడి మణికట్టుకి తగిలి ఎక్కడికో పోయింది. కొట్టినవాడు మొదటి బేసు దాటిపోయాడు.

గ్యాలరీ అంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి, తలలెత్తి ఓర్విల్ కిటికీకేసి చూసింది.

నెస్టర్ మాత్రం చూడలేదు. బంతి ఎగిరిన చోటికి నడిచి, బూటుతో మట్టి తడిమి, వంగి ఏదో తీసి జేబులో వేసుకున్నాడు.

హిట్టు. ఓర్విల్‌కి క్షణం కూడా అనుమానం లేదు. ఒళ్లు దాచుకునేవాడైతే బంతికి తగిలేవాడే కాదు, ఈ గొడవే వచ్చేది కాదు. అయినా వేలు బయటికి రాలేదు. ఇలాంటి ఆటలో తొలి హిట్టు అనుమానానికి తావులేనిదై ఉండాలని స్కోరు రాసేవాళ్లలో ఒక మాట ఉంది. ఆ మాట గుర్తు తెచ్చుకున్నాడు. మంగలి కొట్లో నవ్వు గుర్తొచ్చింది. వేలు చూపిస్తే రేపు ఊరంతా ఏమంటుంది? ఇంట్లో తిండి పెట్టే కుర్రాణ్ణి కాపాడుకోవడానికి క్లిఫ్ గొంతు కోశాడంటుంది. కిందనున్న రెండు వందల మొహాల మీదా ఒకటే కోరిక ఉంది. ఆ కోరికకి ఎదురు నిలబడ్డం న్యాయమో, దానికి లొంగిపోవడం న్యాయమో ఆ వేడిలో కలగాపులగమైపోయింది.

కిటికీలోంచి పిడికిలి బయటికొచ్చింది.

కొయ్య గ్యాలరీ కూలిపోతుందా అన్నంత కేక లేచింది. ఆ తరవాత వచ్చినవాళ్లందరూ టకటకా ఔటయ్యారు. ఆఖరి బంతికి జనం కంచె దూకి మైదానంలోకి పరిగెత్తారు. అందరికన్నా ముందు వెళ్లి క్లిఫ్‌ని ఎత్తుకున్నది నెస్టర్. ఒంటిచేత్తో ఎత్తుకున్నాడు, రెండోది అప్పటికే వాచింది.

*

"ఇలా పెట్టు చెయ్యి," అంది వెర్నా. గుడ్డలో మంచుముక్కలు చుట్టి వాడి మణికట్టుకి కట్టింది. "నొప్పిగా ఉందా?"

"లేదు, మిస్ వెర్నా."

"అబద్ధాలు ఎప్పుడు నేర్చుకున్నావ్?"

నెస్టర్ నవ్వాడు. ఎడంచేత్తో మొక్కజొన్న పొత్తు తినడానికి అవస్థ పడుతుంటే, ఆమె గింజలు కోసి కంచంలో పోసింది. వాడు క్లిఫ్ విసిరిన బంతుల గురించి చెప్పుకొచ్చాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ మాటెత్తలేదు. ఓర్విల్ మాంసం ముక్క కోస్తూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకున్నది తక్కువ. నెస్టర్ జేబులోని రాళ్లు కుండీలో వంపి, గుడ్‌నైట్ చెప్పి మేడమీదికి వెళ్లాక వెర్నా గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"పరాయివాడైతే వేలు చూపించేవాడివా, కాదా?"

"నువ్వు ఆట చూడలేదు."

"రేడియోలో విన్నాను. ఆ అనౌన్సరు కుర్రాడు రాయి తగిలిందన్నాడు. నేనడిగింది దానికి జవాబు చెప్పు."

"అందరూ అదే కోరుకున్నారు వెర్నా."

"నీకు జీతమిచ్చేది జనం కోరుకున్నది రాయడానికా?" ఆమె పళ్లెం తుడిచి పెట్టింది. "ఈ వేసవంతా చూస్తున్నాను. ఊళ్లో నిప్పులాంటి మనిషనిపించుకోవాలని ఆ నిప్పు తెచ్చి ఇంట్లోవాడి నెత్తిన పోస్తున్నావ్. రేపు మధ్యాహ్నం దాకా మార్చచ్చు కదా?"

"మార్చచ్చు."

"అయితే మార్చు. ముందు వాడితో ఒక మాట మాట్లాడు."

ఓర్విల్ హాల్లోకి వెళ్లాడు. మేడమీద గదిలో దీపం వెలుగుతోంది. మెట్ల కమ్మీ తనే చెక్కినది, నున్నగా చేతికి తెలిసిన కొయ్య. దానిమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వాడితో ఏం చెప్పాలి? తప్పు చేశానని చెప్పాలా? చెప్పాక మార్చకపోతే? పొద్దున ఫోను చేసేస్తే సరిపోతుంది, మాటలెందుకు అనుకుని వెనక్కి తిరిగాడు.

*

సోమవారం పొద్దున మార్చేద్దామనే పార్కుకి బయల్దేరాడు. దారిపొడుగునా జనం పలకరించారు. మంగలి కొట్లోంచి బయటికొచ్చి మరీ చెయ్యి కలిపారు. "మాస్టారూ, మొగాడివంటే నువ్వయ్యా," అన్నాడు మంగలి. "ఇంట్లో కుర్రాడని కూడా చూళ్లేదు. మేమేదో వాగాం, మనసులో పెట్టుకోకు." ఇన్నాళ్లూ ఓర్విల్ వినాలనుకున్న మాటే అది. వింటుంటే మాత్రం చెప్పులో రాయి పడ్డట్టుంది.

ఆఫీసులో క్లిఫ్ తండ్రి ఉన్నాడు. సోమవారమే అయినా చర్చికి కట్టే టై కట్టుకొచ్చాడు. నిన్నటి బంతిని గాజు డబ్బాలో పెట్టించడానికి వచ్చాడట. డబ్బా రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డని చూపించినట్టు చూపించాడు.

"మా నాన్న ఈ గ్యాలరీకి దూలాలు లాగాడు మిస్టర్ టెష్. మా సొంత గుర్రాలతో," అన్నాడు. "నిన్న ఆయనుంటే బాగుండును." కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, డబ్బా ఓర్విల్ చేతిలో పెట్టాడు.

ఓర్విల్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఫోను బల్లమీద చేతికందేంత దూరంలోనే ఉంది. రైతు ముక్కు చీదుకుని డబ్బా తీసుకున్నాడు. జట్టు మేనేజరు స్ట్రౌడ్ వచ్చి, "ఏమైనా పనుందా మాస్టారూ?" అని అడిగాడు. "ఏం లేదు, ఊరికే ఇలా వచ్చాను," అన్నాడు ఓర్విల్.

బయటికొచ్చి ఖాళీ గ్యాలరీలో కూర్చున్నాడు. నిన్నటి శనక్కాయ తొక్కలు ఇంకా ఊడ్వలేదు. ఇంకా టైముందని తనకి తనే చెప్పుకున్నాడు. నీళ్లబండివాడు మట్టి తడుపుతున్నాడు. గూడ్సు వెళ్లింది, డ్రైవరు కూత వేశాడు, ఆయన ఒక్కడే చెయ్యి ఊపాడు. మిల్లు సైరను మోగి మధ్యాహ్నం షిఫ్టు దిగిపోయింది. ఆ తరవాత ఫోను చేసినా లాభం లేదు. లేచి ఇంటికెళ్లాడు. వెర్నా ఒక్కసారి మొహంలోకి చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్లిపోయింది. అడిగుంటేనే బాగుండేది.

*

బుధవారం పొద్దున్నే స్ట్రౌడ్ ఓర్విల్ ఇంటి వాకిట్లోకి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని రావడంతోనే సంగతి తెలిసిపోయింది. నెస్టర్‌తో మెట్లమీద కూర్చుని కాసేపు మాట్లాడాడు. వెళ్తుంటే ఓర్విల్ కారుదాకా వెంట వెళ్లాడు.

"వాడి చేతులు నువ్వు చూశావు కదా స్ట్రౌడ్. అలాంటి చేతులు మళ్లీ దొరుకుతాయా?"

"నేను చూశాను. ఆ టోపీవాడు చూసింది ఒక్క రోజే." స్ట్రౌడ్ కారు తలుపు తీశాడు. "వాళ్లు పైన కాగితం చూస్తారు మాస్టారూ. ఎర్రర్లు ఎక్కువున్నాయన్నారు. నన్నేం చెయ్యమంటావు? కాగితం రాసేది నేను కాదు కదా."

దెప్పిపొడవాలని అన్నమాట కాదది. అందుకే ఇంకా గుచ్చుకుంది.

నెస్టర్ పెట్టె సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. వెర్నా రొట్టెల పొట్లం కట్టి ఇచ్చి, వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, వదిలి లోపలికెళ్లి తలుపేసుకుంది. బస్టాండుకి ఓర్విల్ కారులో తీసుకెళ్లాడు. బస్సు ఇంకా రాలేదు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. వాడి మణికట్టు పసుపు, నీలం కలిసిన రంగులో ఉంది.

"ఆ బంతి..." అన్నాడు ఓర్విల్.

"హిట్టే సార్." నెస్టర్ మెల్లగా నవ్వాడు. "నాకు తెలుసు, మీకూ తెలుసు."

"మార్చుదామనే వెళ్లాను. సోమవారం."

"ఔనా?"

"ఔను. వెళ్లి... మార్చలేదు."

నెస్టర్ తలాడించాడు. పొట్లం ఒళ్లో అటూఇటూ తిప్పాడు. "ఆ రాత్రి నేను నిద్రపోలేదు సార్. మెట్ల దగ్గర మీ అడుగులు వినబడ్డాయి. పైకొస్తారనుకున్నాను. లేచి చొక్కా కూడా వేసుకున్నాను."

ఓర్విల్ గోటితో బెంచీ కొయ్యమీది పెచ్చు లేపాడు.

"మీరొచ్చి, నెస్టర్, ఏం చెయ్యమంటావ్ అని అడుగుతారనుకున్నా. ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నా. క్లిఫ్ నా స్నేహితుడు. ఆట అయ్యాక వాళ్ల నాన్న మైదానంలో ఏడవడం చూశాను. ఉంచెయ్యండి సార్, అందామనుకున్నా. నన్ను పంపించేస్తారని తెలిసీ అందామనుకున్నా." వాడి గొంతులో కోపం లేదు. "అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి. మీరు అడక్కుండా తీసుకున్నారు."

బస్సు వచ్చింది. వాడు లేచి, వాచిన చేత్తోనే ఓర్విల్‌కి చెయ్యి కలిపాడు. మిస్ వెర్నాకి కుండీలో నీళ్లు ఎక్కువ పొయ్యొద్దని చెప్పండి, రాళ్లున్నాయి కదా, నిలవవు, కాస్త కాస్త పోస్తుండాలి అన్నాడు. బస్సు మలుపు తిరిగాక కూడా ఓర్విల్ ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలుతున్నాయి. ఎర్రరిచ్చినందుకు కాదు. కమ్మీ మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగినందుకు.

ఇంటికొచ్చి కిటికీ దగ్గర నిలబడి కుండీలోకి చూశాడు. ఆదివారంనాటి రాయి ఏదో పోల్చుకుందామని నాలుగైదు తీసి అరచేతిలో వేసుకున్నాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. మళ్లీ పోసేశాడు.

*

ఆ సాయంత్రం ఆటకి జనం బాగానే వచ్చారు. ఎండ వాలి గ్యాలరీ నీడ ఎర్రమట్టి మీదికి పాకింది. పాకం వాసన, శనక్కాయల వాసన, ఎవరో పిల్ల ఐస్‌క్రీం కోసం మారాం చెయ్యడం, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. నెస్టర్ చోట బెంచీమీది కుర్రాడు నిలబడ్డాడు. వాడు రాళ్లు ఏరలేదు. బబుల్‌గమ్ నమిలాడు.

మూడో ఇన్నింగ్స్‌లో ఒక నేలబారు బంతి తిన్నగా వాడి దగ్గరికే పోయింది. ఎక్కడా ఎగరలేదు, పక్కకి తిరగలేదు. చీపురు పట్టుకున్న ముసలమ్మ కూడా ఆపగలిగేది. వాడి కాళ్ల సందులోంచి దూరి గడ్డిలోకి పోయింది. వాడు బిక్కచచ్చిపోయి, టోపీ తీసి మళ్లీ పెట్టుకుని, తలెత్తి ఓర్విల్ కిటికీకేసి చూశాడు.

ఇరవయ్యేళ్ల కుర్రాడి మొహం. ఆ చూపుకి ఓర్విల్ చెయ్యి ఆయన్ని అడక్కుండానే బయటికొచ్చింది. ఒక వేలు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. బోర్డు దగ్గరివాడు కూడా కళ్లు చిట్లించి చూసి, రెండోసారి చూసి, అప్పుడు రేకు మార్చాడు. గ్యాలరీలో నవ్వు మొదలై వరస వరసకీ పాకింది.

"మాస్టారూ, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయారేం?" అని అరిచాడు ఫెర్రిస్. "లేకపోతే వీణ్ణి కూడా ఇంట్లో దింపుకున్నారా?"

జనం ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వనివాడొక్కడే ఉన్నాడు. బంతి విసిరిన పిచర్, మొన్ననే జట్టులోకొచ్చిన ఎర్రజుట్టు కుర్రాడు. తను చెయ్యని తప్పుకి తన పేరున ఒక హిట్టు పడింది. వాడు నడుమ్మీద చెయ్యి పెట్టుకుని, ఏం జరిగిందో తెలియక, ఓర్విల్‌కేసి తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. అంపైరు కొత్త బంతి అందించినా చాలాసేపు తీసుకోలేదు.

ఓర్విల్ చెయ్యి లోపలికి లాక్కున్నాడు. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. రేపు సాయంత్రం దాకా టైముంది. ఆట అయ్యాక మెట్లు దిగి ఆ ఎర్రజుట్టు కుర్రాడి దగ్గరికి వెళ్లాలి. వెళ్లి ఏం చెయ్యమంటావని ఒక్క మాట అడగాలి, అంతే. గది తలుపు తెరిచే ఉంది, అవతల కొయ్యమెట్లు కనబడుతున్నాయి. ఆయన వాటికేసి చూస్తూ కూర్చున్నాడు. కింద ఆట సాగిపోతోంది, గూడ్సుబండి కూత వేస్తూ వెళ్తోంది, జనం చేతులూపుతున్నారు.